మలుపు మధ్యలో ఎత్తిన కాలు

వంశీ దినాలు అయిపోయిన తర్వాత సుమిత్రమ్మ ఇంటి గేటు దాటలేదు. సిద్దిపేటలో ఏ పెళ్లయినా, ఏ పేరంటమైనా ముందు ఆమెనే పిలిచేవాళ్లు. ఇప్పుడు పిలవడం కూడా మానేశారు. అలాంటి మనిషి ఆ ఆదివారం మధ్యాహ్నం భర్తకు చెప్పకుండా కారెక్కి చిన్నకోడూరు వచ్చింది. మల్లేశ్ ఇంటి ముందు దిగింది.

ఆమె కొడుకును చంపాడని ఊరంతా అనుకుంటున్నది ఆ మల్లేశ్‌నే.

దసరాకు ముందు తమిళనాడులో జరిగిన రేసులో వంశీ కారు పెద్ద మలుపులో గిర్రున తిరిగి గోడకు కొట్టుకుంది. ఆ కారుకు ఇంజినీరు మల్లేశ్. ఇద్దరూ చిన్నప్పటి నుంచి దోస్తులు. వంశీ రైస్‌మిల్లు చంద్రశేఖర్ కొడుకు, మల్లేశ్ తాళ్లెక్కి కల్లు గీసే రాజమల్లయ్య కొడుకు. బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నారు, తర్వాత ఒకే కారు కోసం నిద్ర మానుకున్నారు. వంశీ పోయిన పదిహేను రోజులకు చంద్రశేఖర్ పోటీల సంఘానికి ఫిర్యాదు చేశాడు. వెనుక రెక్కను మల్లేశ్ సరిగ్గా అమర్చలేదని, అందుకే కారు పట్టు తప్పిందని. మల్లేశ్ అవుననలేదు, కాదనలేదు. ఏ జట్టూ అతన్ని మళ్లీ పిలవలేదు. ఇంటికి వచ్చి, రాజీవ్ రహదారి పక్కన ఒక షెడ్డులో ట్రాక్టర్లు బాగుచేసుకుంటున్నాడు.

సుమిత్రమ్మ లోపలికి వచ్చేసరికి అతను అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. చేతికి అన్నం మెతుకులు అలాగే ఉన్నాయి.

"కూసో బిడ్డా. తిను," అంది సుమిత్రమ్మ.

"అయిపోయిందమ్మా," అని అతను చెయ్యి కడుక్కున్నాడు. పళ్లెంలో సగం అన్నం అలాగే ఉంది.

మల్లేశ్ తల్లి ఐలవ్వ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. రావద్దని చెప్పలేకపోయింది, రమ్మని చెప్పడానికి మనసు రాలేదు. గోడకు ఆనుకుని నిలబడింది.

సుమిత్రమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. చిక్కిపోయింది. ఆకుపచ్చ అంచు చీర ఆమె మీద వేరే ఎవరిదో కట్టుకున్నట్టు ఉంది.

"నేను కొట్లాడనీకి రాలే మల్లేశ్. నువ్వు తప్పు చేసినవా లేదా అని అడగనీకి గూడ రాలే. నాకొక్కటి సమజ్ కావాలె."

"చెప్పున్రి అమ్మా."

"వంశీ వాళ్ల బాపు గూడ రేసులు నడిపిండు గద. పెండ్లయిన కొత్తల నన్ను మద్రాసు తీస్కపోయిండు. పాత విమానాల జాగల పెట్టేటోళ్లు పోటీలు. గడ్డి మీద దుప్పటి పరుసుకోని నేను చూస్తుంటి. నాలుగేండ్లు నడిపిండు. ఒక్క గీత పడలే ఆయనకు. వంశీ నాకంటె మంచిగ నడుపుతడని ఆయనే అనేటోడు. మరి మంచిగ నడిపెటోడు ఎట్ల పోయిండు?"

"అప్పటి కార్లు వేరే అమ్మా."

"అందరు గదే మాట అంటరు. మా ఆయన గదే అంటడు, ఇంటికొచ్చినోళ్లు గదే అంటరు. ఎట్ల వేరేనో ఎవ్వలు చెప్పరు. ఆడమనిషికి ఏం సమజైతదని అనుకుంటరు. నువ్వు చెప్పు. నాకు సమజైనదాంక చెప్పు. ఇయ్యాల తెల్సుకోకుంటె నేను ఇంటికి పోను."

మల్లేశ్ నేల మీద చతికిలబడ్డాడు. ఆమె ముఖం చూడలేక ఆమె కాళ్ల వంక చూశాడు. చెప్పడం మొదలుపెడితే ఆ మాటలు ఎక్కడికి పోయి ఆగుతాయో అతనికి తెలుసు. కానీ కొంత చెప్పి ఆపేయవచ్చు అనుకున్నాడు. ఏమీ చెప్పకపోతే ఆమె ఇంకెవరినో అడుగుతుంది. వాళ్లు ఆలోచించకుండా మొత్తం చెప్పేస్తారు.

"సార్ నడిపిన కారుకు రెక్కల్లేకుండె," అన్నాడు. "రోడ్డును పట్టుకునేటియి టైర్లే. కారు ఎంత బరువుంటే పట్టు గంతనే. గా పట్టుతోని మలుపుల తొంభై స్పీడు పోవచ్చు, మహా అంటే వంద. దాటితే కారు జారుతది."

"అవు. తోక ఊపుకుంట పోయేది. దుమ్ము లేసేది. నేను కండ్లు మూస్కునేదాన్ని."

"గట్ల తోక ఊపుడే మంచిది అమ్మా. ఇగ చాలు, ఇంతకంటె ఎక్కువ పోకు అని కారే చెప్తున్నట్టు. సార్ ఏం చేసేటోడంటే, తోక ఊపంగనే ఎక్సలేటర్ మీది కాలు కొంచెం ఎత్తి, స్టీరింగ్ అటు తిప్పి సర్దుకునేటోడు. గంత టైం దొరుకుతుండె."

సుమిత్రమ్మ తల ఊపింది. ఆమెకు గుర్తుంది. రేసు అయిపోయాక చంద్రశేఖర్ చెమటతో, మసి కొట్టుకున్న ముఖంతో వచ్చి నవ్వుతూ అనేవాడు: కాలెత్తినోడే ఇల్లు చేరుతడు సుమిత్రా. పెళ్లయిన ఆ ఏడు ఆమె నేర్చుకున్న మాట అది. ఆ తర్వాత ఎప్పుడూ మరిచిపోలేదు.

"మరి రెక్కలు ఎప్పుడొచ్చినయ్?"

"బయటి దేశాలల్ల చానా ముందుగాలనే వచ్చినయ్. అరవైల చివర్ల. అంతకు ముందు ఆడ గూడ సన్నటి టైర్లు, రెక్కల్లేని కార్లే. విమానం రెక్క గాలిని పట్టుకోని పైకి లేస్తది గద, గా రెక్కను బోర్లేసి కారుకు పెడితే గాలి కారును కిందికి నొక్కుతదని ఎవలికో తోచింది." అతను ఒక్క క్షణం ఆగాడు. "కారు పోతుంటే కిటికీలకెల్లి చెయ్యి బయట పెట్టిన్రా ఎప్పుడన్న?"

"వంశీ పెట్టేటోడు చిన్నప్పుడు. హైదరాబాద్ పోయేటప్పుడు ప్రజ్ఞాపూర్ దాంక గదే పని. చెయ్యి లోపలికి తియ్యిరా అని కొట్టేదాన్ని."

"చెయ్యి కొంచెం కిందికి వంచితే గాలి చేతిని నొక్కుతది. గదే అమ్మా రెక్క అంటే. కారుకు బరువు పెరగది, గని నేలకు అతుక్కుంటది. స్పీడు రెండింతలైతే నొక్కుడు నాలుగింతలైతది. గట్ల మలుపుల స్పీడు పెరుగుకుంట పోయింది. తర్వాత కారు కింది భాగాన్నే రెక్క లెక్క మలిచిన్రు. కారు కిందున్న ఇరుకు సందులకెల్లి గాలి ఉరికితే కారును నేలకు గుంజుతది. తడి గచ్చు మీద పళ్లెం అతుక్కోని రాదు సూడున్రి, గట్ల."

గోడ దగ్గర ఐలవ్వ కూడా వింటున్నది. కొడుకు ఇన్ని మాటలు మాట్లాడి ఎన్నాళ్లయిందో. ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆకలైతుందా అంటే ఊఁ, పడుకుంటవా అంటే ఊఁ.

"గది మంచిదే గద మరి? అతుక్కుంటే?"

"అతుక్కున్నంతసేపు మంచిదే. ఇడిస్తే ఒక్కసారే ఇడుస్తది. తోక ఊపుడు లేదు, చెప్పుడు లేదు. ఎనభైలల్ల గిట్లనే ప్రమాదాలైతున్నయని పెద్ద పోటీలల్ల బంద్ పెట్టిన్రు. మొన్నమొన్న రూల్స్ మార్చి మల్ల తెచ్చిన్రు. ఇప్పుడు ఆ పెద్ద కార్లల్ల మలుపు తిరుగుతుంటే మనిషిని పక్కకు గుంజే బలం వాని బరువుకు ఐదింతలుంటది. తల నిలవది. వంశీ నడిపిన కారు గంతది కాదు. గని దాంట్ల గూడ రెండింతలు."

"అందుకేనా తలకు పట్టీ కట్టుకోని బరువులు ఎత్తేటోడు?" ఆమె పెదవుల మీద నవ్వులాంటిది వచ్చి పోయింది. "ఎద్దు లెక్క అయితవురా మెడ పెంచి, ఏ పిల్ల చేసుకుంటది నిన్ను అనేదాన్ని."

"అవునమ్మా. అందుకే."

"అంటే వాళ్ల బాపు తొంభైల పోయే మలుపుల..."

"వంశీ నూట అరవైల పోతుండె. పిచ్చితోని కాదు. ఎగిరిపడి కాదు. గా కారు గట్ల పోతేనే నిలబడ్తది. వంశీ మంచిగ నడిపెటోడు అమ్మా. సార్ చెప్పింది నిజం."

ఇక్కడ ఆపేయాలని మల్లేశ్ అనుకున్నాడు. లేచి నిలబడబోయాడు. కానీ సుమిత్రమ్మ కదలలేదు. ఆమె కళ్లు నేల మీద ఒకచోట నిలిచిపోయాయి. లెక్కలు చెప్పించుకునే పిల్లలు జవాబు దగ్గరికి వచ్చినప్పుడు అలాగే చూస్తారు.

"గట్ల పోతేనే నిలబడ్తదా?" అంది మెల్లగా.

"అమ్మా, పొద్దుపోతున్నది, మీరు..."

"స్పీడు పోతేనే గాలి నొక్కుతది అన్నవ్. మరి స్పీడు తగ్గితే?"

మల్లేశ్ మంచినీళ్ల గ్లాసు తీసి పక్కన పెట్టాడు.

"నిన్నే అడుగుతున్న. తగ్గితే నొక్కుడు గూడ తగ్గుతదా?"

"మలుపుకు ముందుగాలనే తగ్గితే ఏం గాదమ్మా. మెల్లగ తిరిగిపోతది. మనం బజార్ల కారు తిప్పినట్టే."

"ముందుగాల కాదు. నడిమిట్ల. మలుపు నడిమిట్ల ఉన్నప్పుడు కాలెత్తితే?"

ఆ ప్రశ్న కోసమే అతను ఇన్ని నెలలూ భయపడ్డాడు. పోటీల సంఘం వాళ్లు అడిగినప్పుడు తలవంచుకుని ఊరుకున్నాడు. చంద్రశేఖర్ కాలర్ పట్టుకుని అందరి ముందూ చెంప మీద కొట్టినప్పుడు ఊరుకున్నాడు. ఇప్పుడు ఈమె తనంతట తానే నడుచుకుంటూ అక్కడికే వచ్చింది. దారి చూపింది మాత్రం మల్లేశే.

"చెప్పు బిడ్డా."

"ముక్కు కిందికి వంగుతది," అన్నాడు. "కాలెత్తంగనే కారు ముక్కు కిందికి వంగి ఎనుక లేస్తది. కింద గాలి పట్టు ఇడుస్తది. ఎనుక టైర్లు తేలికైతయ్. గంతనే. గిర్రున తిరుగుతది. ఎనుకకు తిరిగినంక రెక్క పనిచెయ్యది. ఇగ ఎవ్వలు ఆపలేరు."

వీధిలో ఎవరో మేకలను తోలుకుపోతున్నారు.

"వంశీ కాలెత్తిండు," అంది సుమిత్రమ్మ. అడగడం లేదు.

మల్లేశ్ తల దించుకున్నాడు.

"నేను చెప్పిన. పొద్దుగాల ఫోన్ చేసి నేనే చెప్పిన. ముందటి రాత్రి ఎవలో పిల్లగాని కారు గదే మలుపుల పడ్డ వీడియో చూసిన. నాకు నిద్ర రాలే. నా మీద ఒట్టు బిడ్డా, గా పెద్ద మలుపు కాడ కాలెత్తు అన్న. మీ బాపు గట్లనే బతికిండు అన్న. నవ్విండు. సరే అమ్మా, ఒట్టు అన్నడు." ఆమె తల పైకెత్తింది. "నువ్వు పక్కకున్నవా అప్పుడు?"

"ఉన్న. గ్లౌసులు ఎక్కించుకుంటుండె. ఫోను స్పీకర్ల పెట్టిండు."

"నువ్వు విన్నవ్."

"విన్న అమ్మా."

"మరి వానికి చెప్పలేదా? వద్దురా, గట్ల చెయ్యకు అని?"

"చెప్పిన. ఎత్తితే ముందుగాలనే ఎత్తు, లేకుంటె అసలే ఎత్తకు, నడిమిట్ల మాత్రం వద్దు అని చెప్పిన. వానికి నాకంటె మంచిగ ఎరుక గది. మొదటి రెండు చుట్లు ముందుగాలనే ఎత్తిండు. రెండు కార్లు దాటిపోయినయ్. రేడియోల అడిగిన, ఏందిరా, ఎందుకు ఆగుతున్నవని. అమ్మకు మాటిచ్చిన్రా, ఇయ్యాల్టికి గింతే అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. నేను గూడ నవ్విన." మల్లేశ్ చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "మూడో చుట్టుల ఎనుక నుంచి ఇంకో కారు దగ్గర పడ్డది. పోటీల పడి ఉంటడు. మలుపులకు నిండు స్పీడుల పోయిండు, ఎప్పటి లెక్కనే. నడిమిట్లకు పోయినంక కాలెత్తిండు."

సుమిత్రమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. ఒక చెయ్యి ఇంకో చేతిని గట్టిగా పట్టుకుంది, ఎవరో పిల్లవాడి చెయ్యి పట్టుకున్నట్టు.

"నడిమిట్ల నేను యాదికొచ్చిన్నా వానికి?"

"తెల్వదమ్మా."

"వానికి నా ఒట్టు యాదికొచ్చి ఎత్తిండా?"

"అది నాకు తెల్వదు. ఎవ్వలికి తెల్వదు. టైరుకు ఏమన్న తగిలిందో, అద్దంల ఎనుక కారును చూసి బెదిరిండో. మీ మనసు నిమ్మళం కోసం చెప్తలేను."

"నిజమే చెప్తున్నవా? మీ అవ్వ మీద ఒట్..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత చెయ్యి తీసి అంది, "లేదు. వద్దు. ఇగ ఎవ్వల్ని ఒట్టు అడగను."

అప్పుడు ఏడ్చింది. గట్టిగా కాదు. వంశీ పోయిన రోజు ఆమె ఏడుపు సిద్దిపేట వీధి చివరి దాకా వినపడింది. ఈ ఏడుపు పక్కనున్న వాళ్లకే వినపడలేదు. భుజాలు మాత్రం కదిలాయి.

మల్లేశ్ దగ్గరికి జరిగాడు. తాకాలో వద్దో తెలియక ఆగిపోయాడు.

"మీ మాట తప్పు కాదమ్మా. సార్ కాలానికి గదే నిజం. సార్ కారుకు గదే నిజం. కాలెత్తినోళ్లే బతికిన్రు అప్పుడు. కార్లు మారినయని మీకు ఎవ్వలు చెప్పలే. మీరు తల్లి లెక్క చెప్పిన్రు."

"తల్లి లెక్క చెప్పిన," అంది ఆమె. "అవు. తల్లి లెక్కనే చెప్పిన."

గోడ దగ్గర నుంచి ఐలవ్వ ముందుకు వచ్చింది. సుమిత్రమ్మ వైపు కాదు, కొడుకు వైపు.

"గిదంత ఎరికుండే నోరు మూస్కున్నవారా నువ్వు?"

"అవ్వా, ఇప్పుడు కాదు."

"ఇప్పుడు కాకుంటె ఎప్పుడు? దోస్తును చంపినోని అవ్వ అని అంటున్నరు నన్ను. కల్లు మండువ కాడ నీ పేరు చెప్పుకోని తాగుతున్నరు. మీ నాయిన ఆ దినం సంది నీతోని ఒక్క మాట మాట్లాడలే. వంశీ ఈ ఇంట్ల తిన్నడు, ఈ ఇంట్ల పండుకున్నడు, గసువంటి పిల్లగాన్ని నిర్లక్ష్యం చేసి చంపినవని నీ మొకం చూసుడు బంద్ చేసిండు. నా ముంగట ఒక్కనాడన్న చెప్పకపోతివి!"

"చెప్తే ఏమొస్తుండె? వంశీ వస్తడా?"

"నీ బతుకు వస్తుండె గదరా!"

"నా బతుకు వస్తే ఆమెది పోతుండె," అన్నాడు మల్లేశ్. చాలా మామూలుగా అన్నాడు. ఐలవ్వ కొంగు నోట్లో కుక్కుకుని వెనక్కి తిరిగింది.

సుమిత్రమ్మ ఆ ఇద్దరినీ చూసింది. ఇన్ని రోజులుగా తన దుఃఖంలోనే తాను మునిగి ఉంది. పక్క ఊళ్లో ఇంకో తల్లి ఏమవుతుందో ఆమెకు ఒక్కసారి కూడా తోచలేదు. భర్త ఫిర్యాదు ఇచ్చానని చెప్పిన రోజు, మంచిపని చేసిన్రు అన్నది తనే.

"ఐలవ్వా," అంది. కుర్చీలోంచే ఆమె వైపు చెయ్యి చాచింది.

బయట ఇంకో కారు వచ్చి ఆగింది. తలుపు విసురుగా పడిన చప్పుడు. సుమిత్రమ్మ డ్రైవరు ఏదో సంజాయిషీ చెబుతున్నాడు. చంద్రశేఖర్ అతన్ని పట్టించుకోకుండా లోపలికి వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఇంకా నిటారుగానే నడుస్తాడు. గడప దగ్గరికి వచ్చి ఆగాడు. కుర్చీలో కూర్చున్న భార్యను చూశాడు. తడిసిన ఆమె ముఖం చూశాడు. తర్వాత మల్లేశ్ వైపు తిరిగాడు.

అతను తిడతాడని మల్లేశ్ అనుకున్నాడు. కొడతాడేమోనని ఐలవ్వ కొడుకుకు అడ్డంగా వచ్చింది.

చంద్రశేఖర్ రెండూ చేయలేదు. నీరసంగా ఒక్క మాట అడిగాడు.

"చెప్పినవా?"

ఆ మాట ఏమిటో మల్లేశ్‌కు వెంటనే అర్థం కాలేదు. సుమిత్రమ్మకు ముందు అర్థమయింది. ఆమె మెల్లగా కుర్చీలోంచి లేచింది.

"ఏం చెప్పిండని అడుగుతున్రు?"

చంద్రశేఖర్ చూపు బయట కారు వైపు తిప్పాడు.

"మల్లేశ్ నాకు ఏదో చెప్తడని మీకు ముందే ఎరుకనా? ఏం చెప్తడో మీకు ఎరుకనా?"

"ఇంటికి పోయి మాట్లాడుదాం సుమిత్రా. నడువు."

"ఈడనే చెప్పున్రి. వీళ్ల ముంగటనే చెప్పున్రి."

చంద్రశేఖర్ ద్వారబంధానికి చెయ్యి ఆనించాడు. నిలబడడానికి ఆసరా కోసం అన్నట్టు.

"నాకు మొదటి దినమే ఎరుక," అన్నాడు. "వీడియో పెట్టిన్రు గద ఫోన్ల. అందరు కారు తిరుగుడు చూసిన్రు. నేను ఇంజన్ శబ్దం విన్న. మలుపు నడిమిట్ల శబ్దం ఒక్కసారి పడిపోయింది. కాలెత్తితేనే గట్ల పడ్తది. ఎందుకు ఎత్తిండో గూడ ఎరుకే. పొద్దుగాల నువ్వు ఒట్టు పెట్టినప్పుడు నేను నీ పక్కకే కూసోని పేపర్ చదువుతున్న."

"ఎరికుండే నా కొడుకు మీద వేసిన్రా?" ఐలవ్వ గొంతు చీలిపోయింది. "నా కొడుకును అందరి ముంగట కొట్టిన్రు గద! ఏం చేసిండని కొట్టిన్రు?"

"ఈమె అడుగుతుండె ఐలవ్వా. పొద్దున లేస్తే గదే మాట. ఎట్లైంది, ఎట్లైంది, నా కొడుకు ఎట్ల పోయిండు అని. తిండి లేదు. నిద్ర లేదు. ఏదో ఒకటి చెప్పకపోతే తనంతట తానే ఆ పొద్దుటి ఫోను దాంక పోతది. పోతే బతకది. ఎవల మీదనో ఒకల మీద వెయ్యాలె." అతను మల్లేశ్ ముఖం చూడకుండా అన్నాడు. "వీడు చిన్నోడు. తట్టుకుంటడనుకున్న."

మల్లేశ్ గోడకు ఆనుకున్నాడు. చెంపదెబ్బ తిన్న రోజు కూడా అతనికి చంద్రశేఖర్ మీద కోపం రాలేదు. కొడుకు పోయిన తండ్రి, తెలియక కొట్టాడు అనుకున్నాడు. తెలిసే కొట్టాడు. తను దాచిపెట్టిందే ఆ మనిషీ దాచిపెట్టాడు, అదీ సుమిత్రమ్మ కోసమే. కానీ దాని ఖర్చంతా తన మీదే పడింది.

సుమిత్రమ్మ భర్త దగ్గరికి నడిచింది.

"నేను ఒట్టు పెడుతుంటే పక్కకే ఉన్నరు," అంది. "కొత్త కారుకు గది పనికిరాదని మీకు ఎరుకనా అప్పుడు?"

చంద్రశేఖర్ కళ్లు దించుకున్నాడు.

"ఎరుకనా లేదా?"

"ఎరుకే."

"మరి ఎందుకు చెప్పలే? ఫోను నా చేతులనే ఉండె. ఒక్క మాట అంటే సరిపోతుండె. గట్ల చెప్పకే, గది పాత ముచ్చట అంటే సరిపోతుండె!"

"వాడు నవ్వి ఊకుంటడనుకున్న. తల్లి మాట, పట్టించుకోడనుకున్న. పేపర్ల నుంచి తల గూడ ఎత్తలే సుమిత్రా నేను."

సుమిత్రమ్మ అతని ముఖంలోకి చూస్తూనే ఉంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె అతని ఎదురుగా ఇంతసేపు నిలబడి చూసింది లేదు.

"నన్ను బతికించనీకి చేసిన అంటున్నరు," అంది చివరికి. "నన్ను బతికించనీకా? మిమ్ముల్ని మీరు దాచుకోనీకా?"

అతను ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె వెనక్కి జరిగింది.

"కారు తీస్కోని పోన్రి. నేను రాను."

"ఎక్కడుంటవ్? ఏం మాటలివి?"

సుమిత్రమ్మ ఐలవ్వ వైపు తిరిగింది. ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే వయసు. ఒకరి కొడుకు మట్టిలో ఉన్నాడు, ఒకరి కొడుకు బతికి ఉండీ లేనట్టు ఉన్నాడు.

"ఐలవ్వా. నీ మొకం చూసే హక్కు నాకు లేదు. గని ఆ ఇంటికి ఇప్పుడు నేను పోలేను. ఈ ఒక్క పూట నీ ఇంట్ల ఉంటనంటే ఉండనిస్తవా?"

ఐలవ్వ కొడుకు వైపు చూసింది. అతని కళ్లు నేల మీదే ఉన్నాయి. ఐలవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆమెలో కోపం పోలేదు, జాలి కూడా దాచుకోలేకపోయింది.

"ఉండున్రి," అంది. "ఇంటికొచ్చినోళ్లను పొమ్మనుడు మాకు రాదు. గని ఒక్కటున్నది. మా ఆయనకు నేను చెప్పను. నా కొడుకు చెప్పడు, వాడు గట్లనే చస్తడు గని చెప్పడు. నేను చెప్తే, కొడుకును ఎనుకేసుకొస్తున్ననని ఆయన నమ్మడు. మీ నోటితోని మీరే చెప్పాలె."

సుమిత్రమ్మ తల ఊపింది. చెప్పాలంటే మళ్లీ మొదటి నుంచి అనాలి: ఫోను, ఒట్టు, కాలు. ఒక్కసారి అనడానికే ఆమెకు ఇన్ని నెలలు పట్టింది.

"అమ్మా, వద్దు," అన్నాడు మల్లేశ్. "నాయినకు తెల్వకున్నా నాకు ఏం కాదు. నిజంగ ఏం కాదు."

"ఊకో బిడ్డా," అంది సుమిత్రమ్మ.

సందు మొదట్లో మోపెడ్ చప్పుడు వినిపించింది. దగ్గరికొచ్చి, ఇంటి ముందు ఆగిన రెండు కార్లను చూసి కాబోలు, తటపటాయిస్తూ ఆగింది. రాజమల్లయ్య దిగాడు. భుజం మీద తాళ్లెక్కే మోకు, నడుముకు గీత కత్తులు పెట్టుకునే ముస్తాదు, ఎండకు కమిలిన ముఖం. గడప దగ్గర నిలబడ్డ చంద్రశేఖర్‌ను చూశాడు. చేతులు జోడించాడు. తన కొడుకు చేశాడని నమ్మిన తప్పుకు క్షమించమన్నట్టు, ఆ మనిషి ఎప్పుడు కనిపించినా అలాగే జోడిస్తాడు.

చంద్రశేఖర్ ఆ చేతుల వైపు చూసి ముఖం తిప్పుకున్నాడు.

"వచ్చిండు," అంది ఐలవ్వ సుమిత్రమ్మతో. "చెప్పున్రి."